20 పౌండ్లతో సరిపెట్టారు!
బ్యాంకులో మీకు ఎంత డబ్బున్నా సరే, "ఇదిగో 20 పౌండ్లు, వెళ్లండి" అంటే ఎలా ఉంటుంది? 1970లో నైజీరియాలో ఇగ్బోలకి జరిగింది ఇదే.

కొంచెం వెనక్కి వెళ్దాం. 1966 జనవరిలో సైనిక తిరుగుబాటు జరిగింది. చేసిన ఆఫీసర్లలో ఎక్కువమంది ఇగ్బోలు. ప్రధాని బలేవాతో సహా ఉత్తరాది పెద్ద నాయకులు చనిపోయారు. ఆ కోపం ఉత్తరాదిలో బతుకుతున్న మామూలు ఇగ్బోల మీద పడింది. వేలమందిని చంపేశారు. మిగిలినవాళ్లు రైళ్లెక్కి, లారీలెక్కి తూర్పుకి పారిపోయారు. 1967 మే 30న ఓజుక్వు, బయాఫ్రా ప్రత్యేక దేశమని ప్రకటించాడు. తర్వాత రెండున్నరేళ్ల యుద్ధం. దారులన్నీ మూసేశారు. తుపాకులకంటే ఆకలికే ఎక్కువమంది పోయారు, అందులో పిల్లలే ఎక్కువ.

యుద్ధం ముగిశాక గోవన్ "గెలిచినవాళ్లూ లేరు, ఓడినవాళ్లూ లేరు" అన్నాడు. మాట గొప్పదే. కానీ బయాఫ్రా కరెన్సీ ఎంత జమ చేసినా 20 పౌండ్లే ఇచ్చారు. 1972లో విదేశీ కంపెనీల వాటాలు నైజీరియన్లకి అమ్మాలని చట్టం తెచ్చారు. కొనడానికి ఇగ్బోల దగ్గర డబ్బేది? నన్నడిగితే, యుద్ధంకంటే ఈ లెక్కే ఇవాళ్టి ప్రత్యేక దేశం డిమాండ్‌ని ఎక్కువ బతికిస్తోంది.

అయితే బయాఫ్రాలో ఇగ్బోలు ఒక్కళ్లే లేరు కదా! ఒగోనీ, ఇజా లాంటి చిన్న జాతులు "మమ్మల్ని ఎవరడిగారు?" అంటాయి. న్యాయమైన ప్రశ్నే. పైగా 2021 ఆగస్టులో ఐపాబ్ సంస్థ సోమవారం బంద్‌లు మొదలుపెట్టింది. నష్టపోయింది ఇగ్బో దుకాణదారులే. పిలుపు వెనక్కి తీసుకున్నామన్నాక కూడా, భయంతో చాలాచోట్ల షట్టర్లు లేవలేదు.