చిన్న తోటికోడలు

ఉమ్మడి కుటుంబంలో మెలిగినవాళ్ళకి నేను కొత్తగా చెప్పాల్సిందేమీ లేదు. పెద్దకోడలు ఒంటినిండా నగలతో, వెనకాల రెండు బళ్ళ సారెతో దిగుతుంది. రెండేళ్ళు తిరక్కుండా చిన్నకోడలు వస్తుంది, మెళ్ళో ఒంటిపేట గొలుసుతో. చుట్టాలంతా పెద్దకోడల్నే చూస్తారు. ఫొటోల్లో మధ్యన నిలబడేదీ ఆవిడే. పాలెవరు తోడేశారు, పండక్కి పిండెవరు దంపారు, పొగాకు ఆకు కట్టే కూలీలకి అన్నాలెవరు వండారు అన్న లెక్క మాత్రం ఎవరూ రాసిపెట్టరు.

ఈ భాగోతం మన ఇళ్ళలోనే కాదు సుమండీ, మోటారు కార్లలోనూ ఉంది. జర్మనీలో పోర్షే వారింట ఇద్దరు తోటికోడళ్ళున్నారు. పెద్దావిడ పేరు 911. చిన్నావిడ పేరు 912. పెద్దావిడ పేరు తెలియని కుర్రకారు ప్రపంచంలో లేరు. చిన్నావిడ పేరు చెబితే, "అదేమిటీ, అచ్చుతప్పా?" అంటారు.

బి.ఏ.లో చరిత్ర చదువుకున్న నాకు ఈ ఇంజన్ల గొడవ ఎందుకంటారా? కాలిఫోర్నియాలో ఉంటున్న మా పెద్దక్క కొడుకు పాత పోర్షే కొన్నాడు. అక్క సంబరపడి సింగరాయకొండ అంతా టాంటాం వేసింది. తీరా వాడి స్నేహితుడెవరో వచ్చి, "ఓహో, నాలుగు సిలిండర్లదా!" అని పెదవి విరిచి వెళ్ళాడట. అక్క మొహం చిన్నబోయింది. "ఏం రా, అంత డబ్బు పోసి చిన్నదాన్ని కొన్నావెందుకు? పెద్దది దొరకలేదా?" అని నేనే అడిగాను.

"పిన్నీ, నవలలు రాసేదానివి గదా, ముందు దీని కథ విను. ఆ తర్వాత అడుగు" అన్నాడు.

విన్నాను. తర్వాత పుస్తకాలూ తిరగేశాను. నవలకు తక్కువేం కాదు.

కథలోకి వెళ్ళేముందు ఒక్క సంగతి. ఇంజను పనిచేస్తే కాగుతుంది. చల్లార్చకపోతే బిగుసుకుపోతుంది. చల్లార్చడానికి రెండు దారులున్నాయి, రెండూ మన వంటింట్లో ఉన్నవే. పాలగిన్నెని నీళ్ళ పళ్ళెంలో పెడతాం. అది నీళ్ళ పద్ధతి. కాఫీని గ్లాసులోంచి గ్లాసులోకి ఎత్తి తిరగపోస్తాం. అది గాలి పద్ధతి. మా ఊరు మద్రాసు-కలకత్తా రోడ్డు మీద ఉంది. రోహిణీకార్తె ఎండల్లో లారీ మూత ఎత్తి, రేడియేటరు పొగలు కక్కుతుంటే, క్లీనరు కుర్రాడు బకెట్టు పుచ్చుకుని నీళ్ళకోసం పరుగెత్తడం మా చిన్నతనంలో ఎన్నిసార్లు చూశామో! అదే ఆ పక్కనుంచి పోయే బజాజ్ చేతక్ స్కూటరుకి రేడియేటరూ లేదు, నీళ్ళ బెంగా లేదు. గాలే దానికి దిక్కు.

పాత పోర్షే కార్లదీ ఈ గాలి పద్ధతే. అది వాళ్ళకి వంశపారంపర్యంగా వచ్చింది. 1875లో బొహీమియాలో పుట్టిన ఫెర్డినాండ్ పోర్షే అనే ఇంజనీరు, 1930లలో హిట్లరు ప్రభుత్వం కోరగా సామాన్యుల కోసమని ఒక కారు తయారుచేశాడు. అదే తాబేలు డిప్పలా గుండ్రంగా ఉండే ఫోక్స్‌వాగన్. దాని ఇంజను వెనకాల ఉంటుంది. నాలుగు సిలిండర్లు, అటు రెండు ఇటు రెండు పడుకుని ఉంటాయి. ఆడపిల్లలు చెమ్మచెక్క ఆడేటప్పుడు ఎదురెదురు చేతులు ఒక్కసారే దగ్గరకొచ్చి ఒక్కసారే దూరం జరుగుతాయి చూడండి, ఎదురెదురు పిస్టన్లు సరిగ్గా అలాగే ఆడతాయి. ఒకదాని ఊపు ఇంకొకటి సరిపెడుతుంది కాబట్టి కుదుపు తక్కువ.

యుద్ధం ముగిశాక ఆయన కొడుకు ఫెర్రీ పోర్షే, ఆస్ట్రియాలో గ్ముండ్ అనే చిన్న ఊళ్ళో, పాత కలప మిల్లులో కూచుని, ఆ ఫోక్స్‌వాగన్ భాగాలతోనే 1948లో ఒక చిన్న స్పోర్ట్సు కారు కట్టాడు. దాని పేరు 356. తర్వాత కంపెనీ జర్మనీలోని స్టుట్‌గార్టుకి మారింది. 1965 దాకా ఆ 356 కార్లు 76,000 పైచిలుకు తయారయ్యాయి. వాటన్నిటికీ నాలుగే సిలిండర్లు! అంటే పోర్షే అన్న పేరు లోకంలో నిలబడిందే నాలుగు సిలిండర్ల మీద. ఆ రోజుల్లో "అయ్యో, నాలుగేనా" అని పెదవి విరిచినవాళ్ళు లేరు. ఇదిగో, ఈ 356నే మనం అత్తగారనుకుందాం.

అత్తగారికి వయసు మీదపడింది. పెద్దకోడల్ని తేవాలి. 1963 సెప్టెంబరులో ఫ్రాంక్‌ఫర్టు ప్రదర్శనలో కొత్త కారుని చూపించారు. దాని రూపం గీసింది ఫెర్రీ కొడుకు, ఆయన పేరూ ఫెర్డినాండే. అప్పుడు దాని పేరు 901. ఫ్రాన్సులో ప్యూజో అనే కంపెనీ వారు "మధ్యలో సున్నా ఉన్న మూడంకెల పేర్లు మావి" అని అభ్యంతరం చెప్పారు. చేసేదిలేక 1964లో 911 అని మార్చారు. మనవైపు కొందరిళ్ళల్లో కాపురానికొచ్చిన పిల్లకి పేరు మార్చరూ, అలాగన్నమాట. పేరు మారితేనేం, ఆరు సిలిండర్లు, 130 అశ్వశక్తి, చూడచక్కని రూపం!

చిక్కల్లా ధర దగ్గర వచ్చింది. అమెరికాలో దాని ఖరీదు సుమారు 6,500 డాలర్లు. పదిహేనేళ్ళుగా 356లు కొనుక్కుంటున్న డాక్టర్లు, లాయర్లు, చిన్న వ్యాపారులు గుండె పట్టుకున్నారు. పెద్దకోడలు అందంగానే ఉంది, ఇంటి ఖర్చు ఎవరు తెస్తారు? పాత వాడకందార్లు చేజారితే కంపెనీ ఏమైపోను?

అప్పుడొచ్చింది చిన్నకోడలు. 1965 ఏప్రిల్‌లో 912 బయటికొచ్చింది. ఒళ్ళంతా అక్క పోలికే. అవే తలుపులు, అదే వాలు కప్పు, అవే చక్రాలు. ఇంజను మాత్రం అత్తగారిది! 356లోని 1.6 లీటర్ల నాలుగు సిలిండర్ల ఇంజనునే 95 నుంచి 90 అశ్వశక్తికి కాస్త నెమ్మదింపజేసి పెట్టారు. అత్తగారి పెట్టెలోని పట్టుచీర అంచు మార్చి కట్టినట్టు. అక్కకి డ్రైవరు ముందు ఐదు గడియారాల్లాంటి మీటర్లుంటే, చెల్లెలికి మొదట్లో మూడే. ఐదూ కావాలంటే పైన డబ్బు కట్టాలి. ఇంత పొదుపు చేశాక అమెరికాలో ఖరీదు సుమారు 4,700 డాలర్లకి దిగింది.

ఇక చూడండి తమాషా. 1965లోనూ, 66లోనూ పెద్దదానికన్నా చిన్నదే ఎక్కువగా అమ్ముడుపోయింది. 1969లో ఆపేసేనాటికి 30,000 దాటి తయారయ్యాయి. కొత్త ఫ్యాక్టరీ పనిలో, జీతాల్లో, పెద్దకోడలికి ఏటేటా చేయించిన కొత్త నగల్లో ఈ చిన్నదాని సంపాదన ఎంత కలిసిందో ఊహించుకోవచ్చు. 1966 డిసెంబరులో పోర్షే వారి లక్షో కారు తయారైంది. పూలు చుట్టి బయటికి తెచ్చిన ఆ కారు 911 కాదు, 912! బాడెన్-వూర్టెంబర్గ్ రాష్ట్ర పోలీసులకి ఇచ్చారు దాన్ని. దొంగల్ని తరిమే ఉద్యోగం నంగనాచికి ఇవ్వరు గదా.

అయితే వేగం మాటేమిటంటారా? తిన్నని రోడ్డు మీద అక్కే ముందు. గంటకి 210 కిలోమీటర్లు అక్క పోతే, చెల్లెలు 185 పోయేది. మలుపుల్లో సంగతి వేరు. ఎద్దులబండికి వెనక బరువెక్కువైతే కాడి పైకి లేస్తుంది, చూసే ఉంటారు. నరసింహస్వామి తిరునాళ్ళకి పిల్లలందరూ బండి వెనక్కి చేరితే తోలేవాడు కేకలేసి ముందుకి జరిపేవాడు. ఈ కార్లకి ఇంజను వెనక చక్రాలకీ వెనకాల ఉంటుంది. ఆరు సిలిండర్ల బరువుతో అక్కకి మలుపులో వెనకభాగం జారే గుణం. తొలినాళ్ళలో ముందు బంపరు లోపల రెండు మూలలా ఇనుప దిమ్మలు దాచి సరిదిద్దారు. చెల్లెలికి నాలుగే కాబట్టి వెనక తేలిక, మలుపులో చెప్పినమాట వింటుంది. 1967లో సోబియెస్లావ్ జసాడా అనే పోలండు డ్రైవరు ఈ 912తోనే ఐరోపా ర్యాలీ పోటీల్లో ఒక విభాగం విజేత అయ్యాడు. తక్కువ పెట్రోలు తాగడం సరేసరి.

ఇంత చేసినా చివరికి దక్కిందేమిటి? 1969తో 912ని ఆపేసి, దాని స్థానంలో ఫోక్స్‌వాగన్‌తో పొత్తు కలిసి 914 అనే కారు తెచ్చారు. దానికీ నాలుగు సిలిండర్లవీ, ఆరు సిలిండర్లవీ రెండు రకాలు. 1976 దాకా నాలుగువి 1,15,000 పైగా తయారైతే, ఆరువి 3,300 పైచిలుకు. అయినా "ఇది అసలు పోర్షేనే కాదు, ఫోక్స్‌వాగన్ పిల్ల" అన్నారు లోకులు. 914 పోయాక కొత్త మోడలు వచ్చేలోగా ఖాళీ పూడ్చడానికి 1976లో ఒక్క ఏడాదికి 912నే మళ్ళీ పిలిచారు, అమెరికా కోసం. సుమారు 2,100 చేసి, పని తీరగానే పంపించేశారు. ఇంట్లో శుభకార్యానికి పదిరోజులు రమ్మని, పులిహోర అయిపోగానే బస్సెక్కించినట్టు!

ఆ తర్వాతి సంగతి చెప్పాలంటే నాకే మనసొప్పదు. 911 ఖరీదు పెరుగుతూ పోయింది, 912 చవకబడింది. రిపేరు ఖర్చు మాత్రం ఇద్దరికీ ఒక్కటే. అక్కకి పెడితే తిరిగొస్తుంది, చెల్లెలికి పెడితే రాదు. అందుకని ఎన్నో 912లు షెడ్లలో తుప్పుపట్టాయి. కొందరు దాని నాలుగు సిలిండర్ల ఇంజను పీకి, ఆరుది దించి, వెనక 912 అన్న అంకె తీసేసి 911 అని అతికించుకున్నారు. పేరూ గుండె రెండూ మార్చి, "ఇప్పుడు బాగుంది" అన్నారు.

ఈ మధ్య కాలంలో గాలి మళ్ళింది. 1998తో పోర్షే గాలి పద్ధతికి స్వస్తిచెప్పి నీళ్ళకి మారింది. దాంతో పాత గాలి ఇంజన్లన్నిటికీ గిరాకీ వచ్చి, చిన్నదాని మీదా నలుగురి చూపు పడింది. అసలు ఇంజనుతో, అసలు అంకెతో ఉన్న 912 కోసం వెతుక్కుంటున్నవాళ్ళు దేశదేశాల్లో ఉన్నారు. మావాడూ అందులో ఒకడు. లోకం మారిందనుకోకండి మరి. 2016లో పోర్షే తన చిన్న కార్లకి ఆరు తీసి నాలుగు సిలిండర్లు పెడితే, "చప్పుడు బాగాలేదు" అన్న సణుగుడు మళ్ళీ మొదలైంది. కొన్నేళ్ళకి వాటిలో కొన్నిటికి తిరిగి ఆరు పెట్టాల్సొచ్చింది.

పెద్దకోడల్ని తక్కువచేసి మాట్లాడటం నా ఉద్దేశం కాదు. ఆవిడ గొప్పది, అరవై ఏళ్ళుగా ఇంటిపేరు నిలబెడుతోంది. కానీ ఆ తొలి నాలుగేళ్ళూ ఇల్లు గడవడానికి ఎవరు రెక్కలు ముక్కలు చేసుకున్నారో తెలియాలి గదా. అది మనకి తెలిసిందంటే కారణం ఒక్కటే. ఏ ఏడు ఏ కారు ఎన్ని చేశారో, లక్షోది ఏదో, జర్మనీవాళ్ళు లెక్క రాసిపెట్టారు. యాభై ఏళ్ళు లోకం చిన్నచూపు చూసినా, ఆ పుస్తకం తెరవగానే చిన్నావిడ వాటా పైసలతో సహా తేలింది.

మన ఇళ్ళల్లో పొగాకు లెక్కలుంటాయి, మిరప కాటా చీట్లుంటాయి, పెళ్ళిచదివింపుల పద్దులు మూడు తరాలవి ట్రంకుపెట్టెలో భద్రంగా ఉంటాయి. చిన్నకోడలు వండిన అన్నాల పద్దు ఏ పెట్టెలో వెతికినా దొరకదు. బతికున్నవాళ్ళనైనా పక్కన కూచోబెట్టుకుని అడిగి, మనమే ఒక నోటుపుస్తకంలో రాసుకుంటే పోలా?