హిరోషిమా గేర్ రాడ్

కార్ల చరిత్రలో ఎర్ల్ థాంప్సన్ అనే అమెరికన్ ఇంజినీరు రెండు పెద్ద పనులు చేశారు. మొదట గేరు మార్చడాన్ని సులువు చేశారు. ఆ తర్వాత గేరు మార్చే అవసరమే లేకుండా చేశారు. 1928లో క్యాడిలాక్ కార్లలో వచ్చిన సింక్రోమెష్ ఆయన ఆవిష్కరణ. 1939లో జనరల్ మోటార్స్ తన ఓల్డ్స్‌మొబైల్ కార్ల కోసం ప్రకటించిన హైడ్రామాటిక్ అనే ఆటోమేటిక్ గేర్‌బాక్సు ఆయన నడిపించిన బృందం కష్టఫలం. ఈ రెంటికీ మధ్య పదకొండేళ్ల దూరం.

కాలికీ చేతికీ పని తప్పించడమే ప్రగతి అయితే గేర్ రాడ్ కథ అప్పుడే ముగిసిపోవాలి. ముగియలేదు. ఇవాళ్టికీ, నడపడానికి అన్నిటికన్నా హాయిగా ఉండే కార్లేవని తెలిసినవాళ్లను అడిగితే క్లచ్ ఉన్న కార్ల పేర్లే చెబుతారు. అందులోనూ తరచుగా వినిపించే పేరు ఒక చిన్న జపాన్ కారుది: మజ్దా ఎంఎక్స్-5. పై కప్పు తీసేసుకోగల రెండు సీట్ల బండి. మహా వేగమైనదీ కాదు, మహా ఖరీదైనదీ కాదు. అయినా డ్రైవింగ్ అంటే ఇష్టపడేవాళ్లు దీని గేరు గురించి సంగీతం గురించి మాట్లాడినట్టు మాట్లాడతారు. ఆ మాటల్లో అతిశయోక్తి లేదని నా నమ్మకం. ఆ గేరు అలా కుదరడం వెనక కొందరు మనుషుల పట్టుదల ఉంది.

కథ ఫ్రాన్స్‌లో మొదలవుతుంది. ఇంజిన్ ముందు, దాని వెనక క్లచ్, ఆ వెనక గేర్‌బాక్సు, చివరికి వెనక చక్రాలకు శక్తి. ఈ వరసను 1891 ప్రాంతంలో పనార్ ఎ లెవాసోర్ కంపెనీ స్థిరపరిచింది. దాని భాగస్వామి ఎమిల్ లెవాసోర్ 1895లో పారిస్ నుంచి బోర్డోకి వెళ్లి తిరిగి పారిస్‌కి చేరే పందెంలో దాదాపు 1,200 కిలోమీటర్లు 48 గంటల 48 నిమిషాల్లో నడిపి అందరికన్నా ముందు వచ్చారు. ప్రథమ బహుమతి మాత్రం దక్కలేదు. ఆయన కారుకు ఉన్నవి రెండే సీట్లు, నిబంధన ప్రకారం నాలుగుండాలి.

ఆనాటి గేరు మార్చడమంటే వేర్వేరు వేగాలతో తిరుగుతున్న పళ్ల చక్రాలను ఒకదానిలోకి ఒకటి తోయడమే. వేగాలు కలవకపోతే కరకరమని అరిచేవి, పళ్లు విరిగేవి. అందుకని డ్రైవరు క్లచ్ తొక్కి న్యూట్రల్‌కి తెచ్చి, క్లచ్ వదిలి, కింది గేరుకు దిగేటప్పుడైతే కాస్త ఎక్సలేటర్ ఇచ్చి, మళ్లీ క్లచ్ తొక్కి అప్పుడు గేరు వేయాలి. మన పాత లారీ డ్రైవర్లు డబుల్ క్లచ్ అనేది దీన్నే. ఆ విద్య వంటబట్టిన వాళ్లు కొద్దిమందే ఉండేవారు. థాంప్సన్ సింక్రోమెష్ ఈ చిక్కు విప్పింది. గేరు పక్కన శంఖువు ఆకారంలో ఒక ఉపరితలం, దానికి రాసుకునే ఒక రింగు. పళ్లు కలవబోయే ముందు ఈ రెండూ ఒరుసుకుని వేగాలను సమానం చేస్తాయి. గేర్ రాడ్ తోసేటప్పుడు అరక్షణం చేతికి తగిలే చిన్న బిగువు ఆ రింగు చేస్తున్న పని. బిగువు వదలగానే గేరు జారి పడుతుంది. మంచి గేర్‌బాక్సుకీ మామూలు గేర్‌బాక్సుకీ తేడా ఆ అరక్షణంలోనే తెలుస్తుంది.

గేరు మార్చడం చాకిరీగా ఉన్నన్నాళ్లూ దాన్ని ప్రేమించినవాళ్లు తక్కువ. సింక్రోమెష్ వచ్చి చాకిరీ పోయింది, ఆటోమేటిక్ వచ్చి అవసరం పోయింది. ఈ రెండూ పోయాక కూడా చేతికి ఇంకేదో మిగిలింది. ఆ మిగిలినదాన్ని గుర్తుపట్టి, అదే ముఖ్యమని దాని చుట్టూ కారు కట్టినవాళ్లు హిరోషిమాలోని మజ్దా ఇంజినీర్లు.

ఆ కారు పుట్టడానికి ముందు బ్రిటన్‌లో ఒక పరిశ్రమ కూలిపోవాల్సి వచ్చింది. 1950, 60ల్లో ఎంజీ, ట్రయంఫ్, లోటస్ కంపెనీలు తేలికపాటి రెండు సీట్ల ఓపెన్ టాప్ కార్లు చేసి అమెరికాకు పంపేవి. వాటిలో నగ 1962లో వచ్చిన లోటస్ ఎలాన్. ఫైబర్‌గ్లాసు ఒళ్లు, నడుమ వెన్నెముకలాంటి ఉక్కు చాసిస్, 700 కిలోలు కూడా తూగని బరువు. ఫోర్డ్ నుంచి తెచ్చుకున్న నాలుగు గేర్ల పెట్టె. లోటస్ వ్యవస్థాపకుడు కాలిన్ చాప్‌మన్ తేలికదనం మీద పెట్టుకున్న పిచ్చి నమ్మకానికి ఆ కారే సాక్ష్యం. కానీ 1980 అక్టోబరులో అబింగ్డన్‌లోని ఎంజీ ఫ్యాక్టరీ మూతపడింది. ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ కూడా ఆ ఏడాదే ఆగిపోయింది. పొగ, భద్రత నిబంధనలు బిగిశాయి, నాణ్యత జారింది, కొత్త డిజైన్లకు డబ్బు లేదు. కొద్ది ఇటాలియన్ కార్లు తప్ప ఆ జాతి దాదాపు అంతరించింది.

సరిగ్గా ఆ కాలంలోనే, 1970ల చివర్లో, బాబ్ హాల్ అనే అమెరికన్ ఆటోమొబైల్ విలేకరి హిరోషిమాలో కెనిచి యమమోతోను కలిశారు. యమమోతో అప్పటికే మజ్దాలో పెద్ద పేరు. 1967 కాస్మో స్పోర్ట్‌లో రోటరీ ఇంజిన్‌ను పనిచేయించిన బృందానికి ఆయనే నాయకుడు. అయితే ఈ కథకు ముఖ్యమైన సంగతి అంతకన్నా పాతది. అణుబాంబుతో బూడిదైన హిరోషిమాకు యుద్ధం ముగిశాక తిరిగొచ్చిన ఈ ఇంజినీరింగ్ పట్టభద్రుడు 1946లో, అప్పట్లో తోయో కోగ్యో అని పిలిచే ఈ కంపెనీలో చేరి, మూడు చక్రాల ట్రక్కుల గేర్‌బాక్సులు తయారయ్యే చోట కార్మికులతో కలిసి పనిచేశారు. గేర్ పళ్ల మధ్య ఏం జరుగుతుందో చేతులతో తెలుసుకున్న మనిషి తర్వాత కంపెనీ అధ్యక్షుడయ్యారు.

మా కంపెనీ మున్ముందు ఎలాంటి కారు చేస్తే బాగుంటుందని యమమోతో అడిగారు. ఇంజిన్ ముందు, నడక వెనక చక్రాలతో, తేలిగ్గా, చవగ్గా ఉండే బ్రిటిష్ తరహా రోడ్‌స్టర్ చేయమని హాల్ అన్నారు. అన్నారని ఊరుకోలేదు, బోర్డు మీద సుద్దముక్కతో బొమ్మ కూడా గీశారు. 1981లో హాల్ మజ్దా కాలిఫోర్నియా కార్యాలయంలో ఉద్యోగిగా చేరారు. యమమోతో ఆ బొమ్మను మరిచిపోలేదు. మజ్దా వాళ్లు చెప్పుకునే ముచ్చట ఇంకోటుంది. యమమోతోకు ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ ఒకటి ఇచ్చి, హకోనే కొండదారుల్లో నడిపి చూడమన్నారట. మలుపులన్నీ దాటి టోక్యో చేరేసరికి ఆయన మనసులో నిర్ణయం అయిపోయిందట.

1983లో కాగితం మీద పోటీ మొదలైంది. టోక్యో బృందం ఇంజిన్ ముందుపెట్టి ముందు చక్రాలే నడిచే నమూనా ఒకటి, ఇంజిన్‌ను నడుమ పెట్టిన నమూనా ఇంకొకటి గీసింది. కాలిఫోర్నియా బృందం లెవాసోర్ నాటి వరసకే కట్టుబడింది. కాలం ముందు చక్రాల వైపు పరుగెడుతోంది, పొదుపు లెక్కలు టోక్యో పక్షానే ఉన్నాయి. అయినా 1984లో కాలిఫోర్నియా నమూనాయే నెగ్గింది. మరుసటేడు ఇంగ్లండ్‌లో వర్దింగ్‌లోని ఒక డిజైన్ సంస్థ చేత తొలి బండి కట్టించి, కాలిఫోర్నియా తీరంలో శాంటా బార్బరా వీధుల్లో తిప్పారు. జనం తమ కార్లలో వెంటపడి, ఇదేం కారని ఆరా తీశారు. సర్వేలు చెప్పలేని జవాబు ఆ వీధుల్లో దొరికింది.

ఈ కారును తయారుచేసే బాధ్యత మజ్దా ఇంజినీరు తోషిహికో హిరాయికి వచ్చింది. కావాలని అడిగి తీసుకున్న పని అది. ఆయన బృందానికి ఒకటే సూత్రం పెట్టారు: గుర్రమూ రౌతూ ఒక్కటి కావాలి. జపాన్‌లో గుర్రం మీద దౌడు తీస్తూ బాణం వేసే పాత విద్య నుంచి తెచ్చుకున్న భావన అది. ఇలాంటి నినాదాలు చాలా కంపెనీల గోడల మీద ఉంటాయి. హిరాయి గొప్పతనం, దాన్ని మిల్లీమీటర్లలోకి, కిలోల్లోకి దించడం. కారు బరువు వెయ్యి కిలోల లోపే ఆగింది. ముందూ వెనకా బరువు దాదాపు సరిసమానంగా పంచారు. 1.6 లీటర్ల ఇంజిన్ కుటుంబాల కోసం చేసిన మజ్దా 323 కారు నుంచి, ఐదు గేర్ల పెట్టె ఇంకా పెద్ద సెడాన్ నుంచి వచ్చాయి. అంటే విడిభాగాలు మామూలువే, పొందికే అసాధారణం.

గేరు సంగతి దగ్గర కాస్త ఆగి చూడాలి. ముందు చక్రాలు నడిచే మన రోజువారీ కార్లలో ఇంజిన్, గేర్‌బాక్సు బానెట్ కింద అడ్డంగా కూర్చుంటాయి. గేర్ రాడ్ మాత్రం సీట్ల మధ్య ఉంటుంది. రెంటికీ మధ్య తీగలో, కడ్డీలో ఉంటాయి. చేతి మాట అంతదూరం వెళ్లాలి, పళ్ల జవాబు అంతదూరం తిరిగి రావాలి. ఎంఎక్స్-5లో గేర్‌బాక్సు రెండు సీట్ల మధ్యే పొడవుగా పడుకుని ఉంటుంది, రాడ్ దాని నెత్తి మీదే నిలబడుతుంది. మధ్యలో దూతలెవరూ లేరు. ఒక గేరు నుంచి ఇంకో గేరుకు రాడ్ కదిలే దూరం సుమారు ఐదు సెంటీమీటర్లు. మోచెయ్యి కదలక్కర్లేదు, మణికట్టు చాలు. గేర్‌బాక్సు నుంచి వెనక డిఫరెన్షియల్ దాకా ఒక అల్యూమినియం చట్రం బిగించి రెంటినీ ఒకే ఎముకగా చేశారు. ఎక్సలేటర్ నొక్కిన క్షణానికీ వెనక చక్రం స్పందించిన క్షణానికీ మధ్య ఊగిసలాట అందువల్లే ఉండదు. చివరికి సైలెన్సర్ గొంతు కోసం కూడా వందకు పైగా శబ్దాలు రికార్డు చేసుకుని విన్నారు. ఇంజిన్ ఎంత వేగంలో తిరుగుతోందో కన్ను మీటరు వైపు తిప్పకుండా చెవే చెప్పాలి, గేరు ఎప్పుడు మార్చాలో చెవికే తెలియాలి. నాకు ఈ కారు చరిత్రలో అన్నిటికన్నా నచ్చే పని ఇదే.

1989 ఫిబ్రవరిలో షికాగో మోటార్ షోలో తెర తీశారు. అమెరికాలో ధర 13,800 డాలర్లు, శక్తి 116 హార్స్‌పవర్. కాగితం మీద ఇది గొప్పేమీ కాదు. కొనేవాళ్లు మాత్రం వరసకట్టారు. 2000లో ప్రపంచంలో అత్యధికంగా అమ్ముడైన రెండు సీట్ల స్పోర్ట్స్ కారుగా గిన్నిస్ పుస్తకానికి ఎక్కింది, అప్పటికి లెక్క 5,31,890. పది లక్షలవ కారు 2016 ఏప్రిల్ 22న హిరోషిమాలో బయటికొచ్చింది. నాలుగు తరాలు వచ్చాయి, గేర్లు ఐదు నుంచి ఆరయ్యాయి. నాలుగో తరానికి కొత్త గేర్‌బాక్సే చేశారు. బరువు మాత్రం ఇప్పటికీ సుమారు వెయ్యి కిలోలే. పోటీ కార్లన్నీ లావెక్కుతున్న ముప్ఫై ఏళ్లలో ఇది మామూలు క్రమశిక్షణ కాదు.

ఈ దారిలో నడిచినవి ఇంకా ఉన్నాయి. హోండా 1999లో తెచ్చిన ఎస్2000లో ఇంజిన్ 9,000 ఆర్‌పీఎం దాకా పాడేది, ఆరు గేర్లు, ఆటోమేటిక్ ఎన్నడూ ఇవ్వలేదు. కొందరికి దాని గేరే ప్రపంచంలో అత్యుత్తమం, వాళ్లతో నాకు పెద్ద తగాదా లేదు. పోర్షె కథలో పాఠం వేరు. 2013లో 911 జీటీ3ని క్లచ్ పెడల్ లేకుండా, కంప్యూటరే గేర్లు మార్చే పెట్టెతో తెచ్చింది. నిస్సందేహంగా అది ఎక్కువ వేగం. అయినా అభిమానులు ఒప్పుకోలేదు. 2016లో 911 ఆర్ అనే పరిమిత కారుతో, 2017లో జీటీ3తోనే పోర్షె గేర్ రాడ్‌ను తిరిగి తెచ్చింది. గడియారం మీద ఓడిపోయే గేర్‌బాక్సును డబ్బిచ్చి అడిగి తెచ్చుకున్నారు.

ఎంఎక్స్-5ను మన దేశంలో కంపెనీ ఎన్నడూ అమ్మలేదు. కానీ గేరు విలువ మన దగ్గర కొత్తగా చెప్పక్కర్లేదు. అంబాసిడర్‌లో స్టీరింగ్ గేరు మీద నేర్చుకున్న తరం ఒకటుంది. రాడ్ స్టీరింగ్ పక్కన, పెట్టె ఎక్కడో ముందు కింద, మధ్యలో కడ్డీలు, కీళ్లు. అరిగేకొద్దీ ఏ గేరు పడిందో చేతికి తెలిసేది కాదు, అనుభవానికి తెలిసేది. 1983 డిసెంబరులో మారుతి 800 రోడ్డెక్కాక తేలికైన ఫ్లోర్ గేరు అంటే ఏమిటో మధ్యతరగతికి తెలిసింది. 1985లో వచ్చిన మారుతి జిప్సీలో గేర్‌బాక్సు ఎంఎక్స్-5లో లాగే పొడవుగా ఉంటుంది. ఈ దేశంలో నిజంగా చేతికి మాట్లాడే గేరు కావాలంటే చాలాకాలం జిప్సీయే దిక్కు. తిరుమల కనుమ దిగేటప్పుడు బ్రేకు మీద కాలు అదిమిపెట్టకుండా సెకండ్ గేరులో ఇంజిన్ చేతే బండిని పట్టి ఆపించే డ్రైవరు చేసేదీ హిరాయి కలగన్న పనే. అక్కడ అది సరదా కాదు, భద్రత. కానీ ఆ పొందిక కుదిరినప్పుడు కలిగే తృప్తి ఒకటే. 2014 తర్వాత చవక కార్లకూ క్లచ్ తొక్కనక్కర్లేని ఏఎంటీ గేర్లు వచ్చాయి. హైదరాబాద్ ట్రాఫిక్‌లో రోజూ గంటలకొద్దీ హాఫ్ క్లచ్ మీద ఉండేవాళ్లు అటు వెళితే తప్పుపట్టలేం. అమెరికాలో స్థిరపడిన మనవాళ్లలో ఎందరో ఇక్కడ గేరు కారు మీద నేర్చుకుని, అక్కడ దాదాపు అన్నీ ఆటోమేటిక్‌లే కాబట్టి ఎడమ కాలికి పని మాన్పించారు.

ఇప్పుడు విద్యుత్ కార్ల వంతు. విద్యుత్ మోటారుకు ఐదారు గేర్లు అక్కర్లేదు, నిలబడ్డ చోటి నుంచే బలమిస్తుంది. అయినా 2023లో హ్యుందాయ్ తెచ్చిన అయానిక్ 5 ఎన్‌లో స్టీరింగ్ వెనక రెక్కలు లాగితే ఎనిమిది గేర్లు మారుతున్నట్టు కుదుపు ఇస్తుంది, స్పీకర్లలో ఇంజిన్ మోత వినిపిస్తుంది. టయోటా ఇంకో అడుగు ముందుకేసి, క్లచ్ పెడల్, గేర్ రాడ్ ఉన్న విద్యుత్ నమూనా కారు చేసి చూపించింది. ఆ ఇంజినీర్ల తపనను నేను గౌరవిస్తాను, ఏం పోతోందో వాళ్లకు తెలుసు కాబట్టే ఇంత కష్టపడుతున్నారు. అయినా హిరాయి బృందం వంద శబ్దాలు విన్నది ఉన్న ఇంజిన్ గొంతును సరిచేయడానికి. ఇక్కడ లేని ఇంజిన్‌కు గొంతు పెడుతున్నారు. కొండదారిలో మూడు నుంచి రెండుకు దించినప్పుడు చేతికి తగిలే ఆ అరక్షణపు బిగువు, లోపల నిజంగా రెండు లోహాలు ఒరుసుకుంటేనే వస్తుంది.