శిస్తు, ఇనాం, పేష్కష్: నంద్యాల, ఆళ్లగడ్డ సీమలో పన్ను ఎవరి నెత్తిన పడింది

నంద్యాల, ఆళ్లగడ్డ, కోవెలకుంట్ల చుట్టుపక్కల నల్లరేగడి నేలల్లో 1800 నాటికి పన్ను రెండు రకాలుగా నడిచేది. రైతు కట్టేది శిస్తు. పాలెగాడు పైదొరకు కట్టేది పేష్కష్. శిస్తును కరణం లెక్క తేల్చేది, పేష్కష్‌ను బలం తేల్చేది. కోట గట్టిగా ఉండి బంట్లు ఎక్కువున్న పాలెగాడు తక్కువతో సరిపెట్టేవాడు, వీలైతే ఎగ్గొట్టేవాడు. ఆ కోటకూ బంట్లకూ అయ్యే ఖర్చు మాత్రం రైతు గాదెలోంచే పోయేది.

1800 అక్టోబరులో నిజాం ఈ సీమను ఈస్టిండియా కంపెనీకి వదిలేశాడు. అందుకే దత్తమండలం అన్న పేరు వచ్చింది. కోవెలకుంట్ల అందులో చేరింది. నంద్యాల మాత్రం 1839 దాకా కర్నూలు నవాబు కిందే ఉంది. దత్తమండలానికి కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో సుమారు 80 మంది పాలెగాళ్లను అణచి, కొందరికి తవర్జీ, అంటే భరణం, కట్టించాడు. తర్వాత పొలాలు కొలిపించాడు. 33 అడుగుల గొలుసు నలువైపులా పరిస్తే ఒక గుంట, 40 గుంటలు ఒక ఎకరం. నేల తరాన్ని బట్టి ఎకరానికి శిస్తు. ఆ కొలత నిక్కచ్చిగానే సాగింది. అయితే గొలుసు పొలాన్ని కొలిచింది గానీ, కట్టేవాడి తాహతును కొలవలేదు. రెండెకరాల వాడికీ రెండు వందల ఎకరాల వాడికీ ఒకే తరం నేలకు ఒకే రేటు. గింజలన్నీ శిస్తుకే పోతే చిన్నవాడికి విత్తనం కూడా మిగలదు. శిస్తు మొత్తం పంటలో నూటికి 45 వంతులకు చేరిందని మన్రోయే లెక్కగట్టి, మూడో వంతుకు తగ్గించాలని 1807లో రాశాడు. పైవాళ్లు ఒప్పుకోలేదు. ఊళ్లను మొత్తంగా గుత్తకిచ్చే పద్ధతి తెచ్చారు, దాంతో ఊళ్లు చితికిపోయాయి. 1820లో మన్రో మద్రాసు గవర్నరయ్యాకే ఆ తగ్గింపు అమలుకు వచ్చింది.

పాలెగాళ్ల వారసుల కథ ఇంకో తీరు. నొస్సం పాలెగాడు జయరామిరెడ్డి మనవడు ఉయ్యాలవాడ నరసింహారెడ్డికి అందిన తవర్జీ నెలకు 11 రూపాయల 10 అణాల 8 పైలు. పన్నెండు నెలలకు సరిగ్గా 140 రూపాయలు. తాతల కాలంలో ఊళ్లేలిన ఇంటికి దక్కింది అంతే. అదే కాలంలో ఊరి కాపలాకు ప్రతిఫలంగా తక్కువ పన్నుతో భూములు అనుభవిస్తున్న కట్టుబడి బంట్ల మాన్యాలకూ, అంటే ఇనాం భూములకూ, ముప్పు వచ్చింది. ఇవి సంపన్నుల రాయితీలు కావు, నాలుగు గింజల ఆధారాలు. ఆ కట్టుబడి బంట్లే 1846 జూలైలో నరసింహారెడ్డి వెంట కోవెలకుంట్ల ఖజానా మీదికి నడిచారు. ఆ ఏడు అక్టోబరులో అతను పట్టుబడ్డాడు. 1847 ఫిబ్రవరి 22న కోవెలకుంట్లలో ఉరితీశారు. తలను కోట గుమ్మానికి ఏళ్ల తరబడి వేలాడదీశారు.

అక్కడికి దగ్గర్లోనే ఉన్న బనగానపల్లె సంస్థానం సంగతి వేరు. నవాబు కంపెనీకి కప్పం కట్టనక్కర్లేదు. చిన్న మాన్యగాడి పట్టా మీద తగవులాడిన ప్రభుత్వం, ఊళ్లకు ఊళ్లే ఉన్న జాగీరును అలాగే ఉంచింది. 1948లో సంస్థానం మద్రాసు రాష్ట్రంలో కలిసింది. ఇలా కలిసిన సంస్థానాల మాజీ పాలకుల రాజభరణాలకు ఆదాయపు పన్ను ఉండదని రాజ్యాంగం 291వ అధికరణంలోనే రాసుకున్నారు. గుమాస్తా జీతం మీద పన్ను పడే దేశంలో ఈ మినహాయింపు అన్యాయం. 1971లో 26వ సవరణతో అది పోయింది.

భూమి మీది రాబడికి దొరికిన మినహాయింపు మాత్రం నిలిచింది. 1886 చట్టం వ్యవసాయ ఆదాయాన్ని ఆదాయపు పన్ను నుంచి తప్పించింది. శిస్తు ఎలాగూ కడుతున్నారు గనక అప్పట్లో అది సబబే. 1961 చట్టమూ దాన్నే కొనసాగించింది. సేద్యం మీద వచ్చే లక్షలకూ, ఎకరం చెక్కలో వచ్చే నాలుగు బస్తాలకూ ఒకే గొడుగు. కమతం పెరిగే కొద్దీ రేటు పెరిగేలా వ్యవసాయ కమతాల పన్ను వేయమని 1972లో కె.ఎన్. రాజ్ కమిటీ సూచించింది. వ్యవసాయ ఆదాయంపై పన్ను వేసే అధికారం రాజ్యాంగం ప్రకారం రాష్ట్రాలది. అవి ఆ సూచనను అమలు చేయలేదు.