మిద్దె ధర – రాతి చరిత్ర

పాత ఇంటికి ధర కట్టడం బేరగాళ్ళ వ్యవహారమనుకుని మన సాహిత్య విమర్శ దాన్ని పట్టించుకోలేదు. కాని ఒక సమాజం దేనికి వెల కడుతుందో, దేన్ని తరుగు కింద కొట్టివేస్తుందో చూస్తే, తన చరిత్ర పట్ల ఆ సమాజానికున్న వైఖరి బయటపడుతుంది. కల్లూరులో అమ్మకానికి వస్తున్న పాత రాతిమిద్దెల్ని ఈ దృష్టితో చూడవలసి ఉంది.

కల్లూరు కర్నూలుకు హంద్రి అవతలి ఒడ్డు. కర్నూలు నగరం పెరిగి ఆ ఊరిని తనలో కలుపుకుంది. అక్కడి మిద్దె ఈ ప్రాంతపు భౌతిక పరిస్థితుల నుంచి పుట్టిన కట్టడం. వాన తక్కువ, ఎండ ఎక్కువ. బేతంచెర్ల, బనగానపల్లె, ఎర్రగుంట్ల నేలల కింద పలకలు పలకలుగా లేచే నాపరాయి. మట్టి అడుసుతో పేర్చిన మందపాటి రాతిగోడలు, వాటి మీద దూలాలు, దంతెలు, ఆపైన బండలో, కంపో పరిచి తొక్కిన మట్టి, వెలుతురుకు గవాచి. వాన నీరు దిగకుండా తొలకరికి ముందు ఏటేటా చవుడు పోయాలి. కోస్తా వానలకు ఈ కప్పు ఆగదు; సీమ ఎండకు ఇంతకు మించిన కప్పు లేదు.

అయితే మిద్దె అందరిదీ కాదు. భూమి ఉన్నవాడికి మిద్దె, కూలివాడికి బోదకొట్టం. రాయిని గనిలో లేపి, చెక్కి, మోసి, పేర్చినవాళ్ళలో ముఖ్యులు వడ్డెర్లు. వాళ్ళలో కొన్ని శాఖల మీద వలస ప్రభుత్వం నేరస్థ తెగల చట్టం కింద దొంగలన్న ముద్ర వేసింది. ఆ చట్టం దేశమంతటా 1952లో గాని రద్దు కాలేదు. ఊరికి గోడలు కట్టిన చేతులకే పోలీసు హాజరు! రాయి కొట్టే శ్రమకు ఆ ప్రభుత్వం ఏ విలువ కట్టిందో 1876–78 కరువు చెబుతుంది. కరువు పనుల్లో రాళ్ళు కొట్టిన మగ కూలీకి 1877లో సర్ రిచర్డ్ టెంపుల్ నిర్ణయించిన దినకూలి ఒక పౌను ధాన్యం, ఒక అణా.

ఈనాడు ఆ మిద్దెల స్థితి ఏమిటి? దంతెలు వంగాయి, కప్పు కారుతోంది, గోడలు పొట్టలు పెట్టాయి. దీనికి వయసే కారణమనడం సగం నిజం. ఏటా చవుడు మోయడానికి జీతగాళ్ళున్నంత కాలం పెద్ద మిద్దెలు నిలిచాయి. జీతగాళ్ళు ఆ బతుకు వదిలించుకున్నారు, అది మంచిదే. ఉమ్మడి కుటుంబాలు విడిపోయి ఒక్క మిద్దెకు నలుగురైదుగురు వాటాదారులయ్యారు. కప్పు ఎవరు బాగుచేయాలన్నది తేలక ఇల్లు నానింది. 2009 అక్టోబరు వరద కర్నూలును ముంచినప్పుడు, అడుసు గోడకు నిలిచిన నీరెంత శత్రువో అందరికీ తెలిసింది. మిద్దెను కూల్చింది కాలం కాదు, మారిన శ్రమ సంబంధాలు. వాటి స్థానంలో కొత్త ఏర్పాటు రాకపోవడం.

ఇక ధర. కొనేవాడు మొదట అడిగేది ఎన్ని సెంట్లని, తర్వాత దారి ఎంత వెడల్పని. గోడల్ని అతడు ఆస్తిగా లెక్కించడు, పడగొట్టే ఖర్చుగా లెక్కిస్తాడు. టేకు వాకిళ్ళు, దూలాలు, బండలు విడివిడిగా అమ్ముడుపోతాయి. రిజిస్ట్రేషన్ లెక్క కూడా ఇదే తర్కం మీద నడుస్తుంది: స్థలానికి మార్కెట్ విలువ, కట్టడానికి రకాన్ని బట్టి చదరపు అడుగు రేటు, ఆపైన వయసును బట్టి తరుగుదల. అంటే ఇంటికి ఎన్నేళ్ళు నిండితే అంత విలువ తగ్గినట్టు. ఇందులో ఇంకో వైచిత్రి ఉంది. నాపరాయి సున్నపురాయి జాతిది. బేతంచెర్ల దగ్గర సిమెంట్ నగర్‌లోనూ, ఎర్రగుంట్లలోనూ కాల్చి సిమెంటు చేసింది సున్నపురాయినే. పలకగా మిద్దె అయిన రాయే పొడిగా మారి వచ్చి మిద్దెను తొలగిస్తోంది.

మరి వయసుకు వెల కడితే సమస్య తీరుతుందా? న్యూయార్కులో బ్రౌన్‌స్టోన్ ఇళ్ళున్నాయి. పంతొమ్మిదో శతాబ్దంలో ఇటుక గోడలకు గోధుమరంగు ఇసుకరాయి తాపడం చేసి కట్టినవి. ఇరవయ్యో శతాబ్దంలో చాలా ఇళ్ళు గదులు గదులుగా విడిపోయి అద్దెకు పోయాయి. 1965లో నగరం కట్టడాల రక్షణ చట్టం చేసి, బ్రూక్లిన్ హైట్స్‌ను మొదటి చారిత్రక ప్రాంతంగా ప్రకటించింది. కాలక్రమంలో ఆ ఇళ్ళ వెల లక్షల డాలర్లకు చేరింది. రాయి నిలిచింది. కాని పెరిగిన అద్దెలకు తట్టుకోలేక, అనేక పేటల్లో నల్లజాతి శ్రామిక కుటుంబాలు వెళ్ళిపోవలసి వచ్చింది. అక్కడ వయసు సరుకయింది, ఇక్కడ తరుగయింది. రెండు చోట్లా లెక్కలోకి రానిది శ్రమే.

మనలో కొందరు మిద్దె భూస్వామ్య చిహ్నం గనుక కూలితే కూలనీ అంటారు. మరికొందరు అది వారసత్వం గనుక అద్దాల బీరువాలో పెట్టాలంటారు. ఇద్దరూ చూస్తున్నది యజమానినే. మన కథల్లోనూ మిద్దె అంటే పెద్దరెడ్డి పడసాల, తిన్నె మీది పంచాయితీ. ఆ తిన్నెను చెక్కినవాడికి పాత్ర లేదు. మిద్దెను గౌరవించడమంటే దొరతనాన్ని గౌరవించడం కాదు. ఈ ఎండకు ఈ రాయితో ఎట్లా బతకాలో కనిపెట్టిన పనివాళ్ళ తెలివిని గౌరవించడం. ఆ తెలివి భూస్వామిది కాదు గనుక, భూస్వామ్యంతో పాటు దాన్నీ పూడ్చిపెట్టే హక్కు మనకు లేదు.

రచయితలు మిద్దెల్ని కొనలేరు, ఆపలేరు. కాని రాయి లేపడం, పొర చూసి చీల్చడం, చవుడు పోయడం తెలిసిన ముసలివాళ్ళు ఇంకా ఉన్నారు. దంతె, గవాచి, పడసాల అన్న మాటలకు వస్తువు కళ్ళ ముందే ఉంది. మిద్దె పోతే ఈ మాటలు నిఘంటువు పాలవుతాయి. విద్యార్థులు ఆ ముసలివాళ్ళ దగ్గర కూర్చుని, ఏ బండ ఏ గని నుంచి వచ్చిందో, ఎవరు మోశారో, ఏ కూలికి మోశారో రాసుకోవాలి. అమ్మకం పత్రంలో ఆ లెక్క ఉండదు. సాహిత్యంలోనైనా ఉండాలి.