గజ్జ హెర్నియా శస్త్రచికిత్సా పద్ధతులు

బస్తా ఎత్తినా, గట్టిగా దగ్గినా గజ్జలో ఉబ్బి, పడుకుంటే లోపలికి పోయే వాపు ఇది. పొట్ట గోడ బలహీనపడిన చోట పేగు ముందుకు తోసుకొస్తుంది. బోదకాలు ఎరిగిన కృష్ణా డెల్టాలో దీన్ని ఆ జబ్బుతో వచ్చే వరిబీజంగా పొరబడేవారూ ఉన్నారు. మందులతో నయం కాదు, ఆపరేషన్ చేయాల్సిందే. గన్నవరం దగ్గరి చిన అవుటపల్లిలో ఉన్న పిన్నమనేని సిద్ధార్థ వంటి వైద్య కళాశాలల్లో సర్జరీ విద్యార్థులు తొలినాళ్లలోనే చూసే ఆపరేషన్లలో ఇదొకటి.

1880లలో ఇటలీ వైద్యుడు బస్సీనీ కండరాలను దగ్గరకు లాగి కుట్టాడు. ఆ బిగువు వల్లే కుట్లు సడలి హెర్నియా తిరగబెట్టేది. 1980లలో అమెరికా సర్జన్ లిక్టెన్‌స్టైన్ లాగడం మానేసి, బలహీనమైన చోట పాలీప్రొపిలీన్ వల పరిచాడు. నడుముకు మత్తిచ్చి చేయవచ్చు, ఖర్చు తక్కువ. లాప్రోస్కోపీలో చిన్న రంధ్రాల గుండా వలను వెనకవైపు అమరుస్తారు. నొప్పి తక్కువ, త్వరగా పనిలోకి వెళ్లవచ్చు, కానీ సాధారణంగా పూర్తి మత్తు, చెయ్యి తిరిగిన సర్జన్ కావాలి. రెండువైపులా ఉన్నా, కోత ఆపరేషన్ తర్వాత తిరగబెట్టినా ఇదే మేలు. పుణె సర్జన్ దేసర్డా పద్ధతిలో వలే ఉండదు, రోగి కండర పొర పట్టీనే ఆసరా.

వాపు గట్టిపడి, లోపలికి పోక, వాంతులైతే అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి.