జొన్నకూడు, తెల్లబువ్వ, పాత పంటల జాతర

పాత పంటల జాతర మీద ఈ పత్రికకు వ్యాసం రాస్తానని చెప్పినప్పుడు ఒక మిత్రుడు నవ్వాడు. కథానిక శిల్పం మీదో, కవిత్వంలో వర్గదృష్టి మీదో రాయవలసిన చోట కొర్రలూ సామలూ ఏమిటన్నాడు. ఆయన నవ్వటంలో ఆశ్చర్యం లేదు. తిండిని గురించి మనం ఇంతవరకు రెండు విధాలుగానే రాస్తూ వచ్చాం. ఒకటి ఆకలి, రెండు విందు. ఆకలి పేదవాడిది, విందు దొరది. ఈ రెంటికీ నడుమ పేదవాడు రోజూ తిన్నదేమిటి, దాన్ని ఏ నేలలో ఎవరు పండించారు, అది అతని కంచంలోంచి ఎప్పుడు, ఏ కారణాలవల్ల పోయింది అనే ప్రశ్నను చరిత్రగా పట్టించుకున్నవాళ్ళం తక్కువ. నేనూ పట్టించుకోలేదు. ఆ సంగతి తర్వాత చెబుతాను.

జహీరాబాదు ప్రాంతం ఒకప్పుడు మెదక్ జిల్లాలోది, 2016 నుంచి సంగారెడ్డి జిల్లాలోది. అక్కడ ఏటా సంక్రాంతినాడు ఈ జాతర బయలుదేరుతుంది. ముస్తాబు చేసిన ఎడ్లబండ్లలో మట్టికుండలు పేర్చి, కుండకొక రకం విత్తనం పోసి, పాటలతో, డప్పులతో ఊరూరా తిప్పుతారు. పచ్చజొన్న, తెల్లజొన్న, సజ్జ, కొర్ర, సామ, తైద, కంది, పెసర, ఉలవ, అనుము, అవిసె, కుసుమ, నువ్వు, ఇలా చెప్పుకుంటూపోతే పుట తెమలదు. బండి ఆగిన ఊళ్ళో ఆడవాళ్ళు ఎదురువచ్చి విత్తనాలకు పసుపూ కుంకుమా పెడతారు. ఆ తర్వాత సభ, వాదోపవాదాలు, భోజనాలు. దాదాపు నెలరోజులు తిరిగి ఫిబ్రవరి నడిమికి మాచ్నూరు చేరి ముగుస్తుంది. జాతర అనగానే దేవుడు ఎక్కడని వెతికాను. ఊరేగుతున్నవి గింజలే. సుమారు పాతికేళ్ళుగా సాగుతున్న ఈ జాతరను నడిపించేవాళ్ళలో అత్యధికులు దళిత స్త్రీలు, అందులోనూ ఎకరం రెండెకరాల చెలక ఉన్నవాళ్ళు.

ఈ గింజలమీద మన సాహిత్యం ఇచ్చిన తీర్పేమిటో చూడటం అవసరం. శ్రీనాథుడి పేర ప్రచారంలో ఉన్న పల్నాటి చాటువులు విద్యార్థులకు తెలిసినవే. పల్నాటి రాళ్ళనూ పాములనూ తేళ్ళనూ ఏకరువుపెట్టిన వరసలోనే సజ్జకూడూ జొన్నకూడూ కూడా వస్తాయి. మరొక పద్యంలో, పూతన విషాన్నీ దావాగ్నినీ మింగానని గర్వించే కృష్ణుణ్ణి చింతచిగురూ బచ్చలీ కలిపిన జొన్నముద్ద ఒక్కటి మింగి చూపమంటాడు కవి. పద్యాలు బ్రహ్మాండంగా ఉంటాయి, నవ్వు ఆగదు. కాని ఆ నవ్వు ఎవరి పక్షాన నిలబడి నవ్వుతున్నదో గమనించాలి. రాజాస్థానాల్లో సన్నబియ్యపు భోజనానికి అలవాటుపడిన నాలుక అది. మెట్టపొలం దున్నే మనిషికి ఆ ముద్ద ఒక పూట బలం. ఆ చాటువులు నిజంగా శ్రీనాథుడివా కావా అన్న చర్చ ఎంత జరిగినా, అవి ఇన్ని వందల ఏళ్ళు నోటినోటా బతికాయంటే ఆ ఎగతాళికి సమాజంలో గిరాకీ ఉందన్నమాట.

దీనికి భిన్నమైన సాక్ష్యం ఒక రాజు రాసిన కావ్యంలోనే దొరకటం విచిత్రం. ఆముక్తమాల్యదలో వర్షర్తు వర్ణన దగ్గర కృష్ణదేవరాయలు ముసురుపట్టిన రోజుల్లో రెడ్ల భోజనాన్ని చెబుతాడు. గురుగు, చెంచలి, తుమ్మి, లేత తగిరిసాకు, చింతచిగురు నూనెలో పొరటి, ఆరికల అన్నంతో తిని వెచ్చగా మంచమెక్కుతారు. అందులో ఎగతాళి లేదు. ఒక్కొక్క ఆకునూ పేరుపెట్టి చెప్పాడంటే చూసి రాసినవాడే అయివుండాలి. సురవరం ప్రతాపరెడ్డి 1949లో వెలువడిన 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర'కు ముడిసరుకు తీసింది ఇటువంటి పద్యాల్లోంచే. ఆ దారిలో మన విమర్శ ఎక్కువ దూరం నడవలేదు. జాతరలో ఒకచోట దున్నకుండా, విత్తకుండా చెలకలో మొలిచే ఆకుకూరలను చాటల్లో పరిచి పెట్టారు. చెంచలి, తుమ్మి, దొగ్గలి, గునుగు, పొన్నగంటి. అయిదువందల ఏళ్ళ కిందటి పద్యంలోని రెండు ఆకులు నా ఎదుట చాటలో ఉన్నాయి. వాటిని కోసుకొచ్చిన స్త్రీకి ఆముక్తమాల్యద సంగతి తెలియదు. ఆమె పేరుపెట్టి చూపించేదాకా నాకా ఆకులు తెలియవు.

వరి గొప్పదయిందీ జొన్న తక్కువదయిందీ రుచివల్ల కాదు, నీళ్ళవల్ల. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో, బెజవాడ ఆనకట్ట 1855లో పూర్తయ్యాక డెల్టాలో వరి వ్యాపారపు పంట అయింది. నైజాంలో మంజీర మీద నిజాంసాగర్ 1931లో పూర్తయింది. అదే మంజీర మెదక్ జిల్లాలోంచే పారుతుంది. కింది ఆయకట్టుకూ, సింగూరు కట్టాక హైదరాబాదు నగరానికీ నీళ్ళిచ్చింది గాని, జహీరాబాదు ఎర్రచెలకలు వాననే నమ్ముకున్నాయి. నీరు పారిన చోట కులమూ పలుకుబడీ ఉన్నవాళ్ళు స్థిరపడ్డారు, వాళ్ళ తిండి జాతి తిండి అయింది. తెలుగులో అన్నం అంటే బియ్యపన్నమే. తక్కినవాటికి కొర్రన్నం, జొన్నన్నం అని ముందొక మాట తగిలించాలి. ఇక తృణధాన్యం అన్న మాటలో తృణమంటే గడ్డి. ఒక ప్రాంతపు ప్రజలు తరతరాలుగా తిన్నదానికి పుస్తకభాష ఇచ్చిన బిరుదు అది.

ఇప్పుడు నా సంగతి. 1970లలో నేను రాసిన ఒక కథలో జీతగాడి కొడుకు దొరింట పెళ్ళినాడు తెల్లబువ్వ కోసం ఏడుస్తాడు. తల్లి గటక కలిపిపెడితే విసిరికొడతాడు. ఆ కథను చాలామంది మెచ్చుకున్నారు. మాలో అనేకులం అలాంటివి రాశాం. గటక, అంబలి అంటే దారిద్ర్యానికి గుర్తు, బియ్యం అంటే విముక్తి. ఇది పూర్తిగా తప్పని ఇప్పటికీ అనను. పేదవాడి ఇంట బియ్యం పండక్కే ఉడికే ఊళ్ళలో, జీతాన్ని జొన్నల్లో కొలిచి దొర తాను సన్నబియ్యం తిన్నాడు. రెండో ప్రపంచయుద్ధకాలంలో నిజాం ప్రభుత్వం లెవీ పేరుతో బక్కరైతు గుమ్మి ఊడ్చుకుపోయింది, దేశ్‌ముఖులు మాత్రం తప్పించుకున్నారు. తెలంగాణ పోరాటం పుట్టిన కారణాల్లో ఆ లెవీ ఒకటి. అటువంటి చోట తెల్లబువ్వ కోరటం వర్గపరమైన కోరికే. పైగా కొర్ర, సామ, ఆరిక పొట్టుతీయటమంటే స్త్రీకి కోడికూసే వేళ నుంచి రోకటిపోటు, తెల్లవార్లూ తిరగలి. ఈ చాకిరీని మరిచి పాత తిండి బంగారమని పాడేవాళ్ళతో నాకు పేచీ ఉంది. మిల్లుబియ్యం ఆ రోకలి చేతిలోంచి తీసింది. ఇది చిన్న విషయం కాదు.

కాని నా కథ ఒక ప్రశ్నను అడగలేదు. ఆ గటక పండిన చెలక ఏమవుతుంది?

1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చింది. కుటుంబానికి గరిష్ఠంగా నెలకు 25 కిలోలు. ఆకలిని అది తగ్గించిందనటంలో సందేహం లేదు, ఆ పథకాన్ని హేళన చేసిన పట్టణ మేధావుల పక్షాన నేను లేను. అయితే జహీరాబాదు వంటి మెట్టప్రాంతంలో దాని రెండో ఫలితం వేరుగా ఉంది. దళితులకు దక్కిన భూములు అసలే రాళ్ళనేలలు, పైపొర పలచన. ఎడ్లు లేవు, పెంట లేదు, అప్పిచ్చే బ్యాంకు లేదు. అరువు తెచ్చి జొన్న పండించేకన్నా కూలికి పోయి రేషన్ బియ్యం కొనటం చవక అయింది. చెలకలు పడావు పడ్డాయి. బియ్యం సంచిలో చొప్ప రాదు. చొప్ప లేక పశువులు తగ్గాయి, పశువులు లేక పెంట తగ్గింది, పెంట లేక నేల ఇంకా బక్కచిక్కింది. జొన్నలో కలిపి వేసే కందీ పెసరా అనుమూ కూడా వాటితోపాటే పోయాయి. బియ్యం మిగిలింది, పప్పు కొనుక్కోవలసి వచ్చింది. ఎక్కడో కాలవకింద పండిన వరికి ప్రభుత్వం మద్దతు ధర ఇచ్చి కొని, చెలకరైతుకు సబ్సిడీమీద అమ్మింది. ఆ డబ్బులో కొంత చెలకమీదే పెట్టివుంటే అన్న ఆలోచన ఆనాడు శాసనసభలోనూ రాలేదు, మన సాహిత్యసభల్లోనూ రాలేదు.

వచ్చింది మహిళా సంఘాల్లో. దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ 1983లోనే మొదలైంది. ఒకప్పుడు దూరదర్శన్‌లో పనిచేసిన పి.వి. సతీష్ వ్యవస్థాపకుల్లో ముఖ్యుడు. ఆయన 2023 మార్చిలో మరణించాడు. స్వచ్ఛంద సంస్థలంటే మన శిబిరంలో ఉన్న అనుమానం నాకూ ఉంది. భూమి పంపకం అనే ప్రశ్నను అవి చాలాచోట్ల పొదుపు సంఘాల్లో నానబెట్టి మెత్తబరిచాయి. అయినా 1990ల మధ్యలో ఇక్కడ జరిగింది చెప్పకపోతే అన్యాయం. ముప్పై పైచిలుకు ఊళ్ళలో సుమారు రెండున్నర వేల ఎకరాల పడావు భూముల్ని దున్నించటానికి సంఘాలు అప్పు ఇచ్చాయి. అప్పును డబ్బుగా కాక, అయిదేళ్ళపాటు జొన్నలుగా కట్టాలి. ఆ జొన్నల్ని ఊళ్ళోనే నిలవచేసి, కరువునెలల్లో బీదలకు తక్కువ ధరకు అమ్మాలి. ఎవరు బీదలో తహసీలు కచేరీ నిర్ణయించదు. నేలమీద ముగ్గుతో ఊరి పటం గీసి, ఊరందరి ఎదుటా ఇల్లిల్లూ లెక్కవేసి తేల్చారు. రేషన్ దుకాణానికి ఇది చెలక ఇచ్చిన జవాబు. విత్తనానికీ అదే పద్ధతి. విత్తనం అమ్మరు. తీసుకున్నవాళ్ళు పంట వచ్చాక రెట్టింపు తెచ్చి ఇవ్వాలి.

జాతర ఈ పని వెనకనుంచి వచ్చింది. అందుచేతనే దాన్ని పట్టణాల్లో జరిగే ఆహారోత్సవాల గాటన కట్టటం పొరపాటు. అక్కడ టిక్కెట్టు కొని రుచిచూసి ఇంటికి పోతారు. ఇక్కడ రుచి చూసేవాడు, పండించేవాడు ఒకడే. రూపం కొత్తదీ కాదు. పక్కనే ఉన్న బీదరులో ఎళ్ళ అమావాస్యనాడు కుటుంబాలు బండ్లు కట్టుకొని పొలానికి పోయి, పప్పుగింజలన్నీ కలిపి వండిన భజ్జీ, రొట్టె, అంబలి కొంత పైరుమీద చల్లి తక్కినది అందరూ కలిసి తింటారు. పొలానికి వండిపెట్టే ఆ అలవాటు సరిహద్దుకు ఇవతలా ఉంది. ఆ పాత రూపంలో సంఘాలు కొత్త విషయం పెట్టాయి. జానపద రూపాల్ని వాడుకోవటం గురించి మనం ఎన్నో తీర్మానాలు చేశాం. ఇక్కడ తీర్మానం చెయ్యకుండానే జరిగింది. అయితే జాతర సభలో అధికారుల్ని వేదికమీద కూర్చోబెట్టి శాలువాలు కప్పే తంతు నాకు నచ్చలేదు. నేను వెళ్ళినరోజు విత్తనాలు దాచిన ముసలమ్మ మాట్లాడే వంతు వచ్చేసరికి జనం భోజనాలకు లేచారు.

ఈ సంఘాలే జహీరాబాదులో కేఫ్ ఎత్నిక్ అనే హోటలు కూడా తెరిచాయి. రొట్టె, కొర్రన్నం బల్లమీద పెట్టి అమ్మటం ఆ రోజుల్లో వింతే. జొన్నరొట్టె మూట బడిలో చాటుగా విప్పుకొని తిన్న తరంవాణ్ణి నేను. దాన్ని ఫలహారశాలలో పళ్ళెంలో వడ్డిస్తే నాకు కలిగిన భావం గర్వమేనని ఒప్పుకుంటాను. అంతటితో ఆగితే అది మధ్యతరగతి గర్వమే. ఆ తర్వాత హైదరాబాదులో మిల్లెట్ హోటళ్ళు వెలిశాయి, కొర్రబియ్యం అందమైన సంచుల్లోకి ఎక్కింది. పట్నంవాడి చక్కెరజబ్బుకు అది పథ్యం. నున్నగా పాలిష్ పట్టిన కొర్రలో తవుడు లేదు, అంటే బియ్యానికి మిల్లు చేసిన పనే దీనికీ చేసింది. దుకాణంలో కొర్రకు బియ్యంకన్నా ఎక్కువ ధర పలికితే, పండించినామె కొర్రలమ్మి బియ్యం వండుకుంటుంది. ఆమెను తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు.

ఇక ప్రభుత్వం పేర్లు మార్చింది. 2018లో వీటిని పోషకధాన్యాలుగా ప్రకటించింది. 2023 అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరం, ఆ ఏటి కేంద్ర బడ్జెట్ ప్రసంగంలో 'శ్రీ అన్న' అన్నారు. నిన్నటి గడ్డికి నేడు శ్రీ తగిలింది. 2013 ఆహారభద్రతా చట్టంలో ముతకధాన్యం కిలో రూపాయికి ఇవ్వవచ్చునని రాసివుంది. కాగా తెలంగాణ రేషన్ దుకాణంలో 2025 ఉగాది తర్వాత వచ్చింది సన్నబియ్యం. ఒకప్పుడు దొర తిన్న బియ్యం పేదవాడికి ఉచితంగా వచ్చింది, నా కథలోని పిల్లవాడి ఏడుపు తీరింది. అందుకు నేను సంతోషించాను. జహీరాబాదు చెలకల్లో పండిన జొన్న మాత్రం ఆ దుకాణం గడప తొక్కలేదు.

సంఘాలకు 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమంవారి ఈక్వేటర్ బహుమతి వచ్చింది. ఆ కాలంలోనే జాతర బండ్లు తిరిగే న్యాల్‌కల్, ఝరాసంగం మండలాల్లో పారిశ్రామిక మండలి కోసం సుమారు 12,600 ఎకరాల సేకరణ సాగుతూ వచ్చింది. మాచ్నూరు ఈ ఝరాసంగం మండలంలోదే. జాతర ముగిసిన సాయంత్రం నేను బస్సుకోసం నిలబడ్డచోట ఇద్దరు స్త్రీలు మూటల్లో విత్తనం పట్టుకొని ఉన్నారు. ఒకామెది కంది, రెండో ఆమెది సామ. పట్టా ఉన్న చెలక మిగులుతుందో లేదో తేలలేదనీ, మిగిలితే మృగశిరకు వేస్తాననీ, లేకపోతే చెల్లెలి ఊరికి పంపిస్తాననీ సామల ఆమె చెప్పింది. రెట్టింపు ఎవరు తిరిగివ్వాలన్న దానిమీద బస్సు వచ్చేదాకా ఇద్దరూ వాదించుకున్నారు.