నీరటోళ్ల లెక్క

చెరువుల చరిత్ర ఎవర్ని అడిగినా కాకతీయుల కాడ మొదలుపెడతారు. 1213 నాటి పాలంపేట శాసనం పుణ్యాన రేచర్ల రుద్రుడి పేరు బడిపిల్లలకు గూడ తెలుసు. కట్టకు మట్టి మోసినోళ్ల పేర్లు ఏ రాతి మీదున్నయి? చెరువు కట్టించినవారికి, బాగుచేసినవారికి దశబంధం కింద మాన్యాలు దక్కినయని చదువుకున్నాను. మా ఇంటికి మాన్యం రాలేదు, చాకిరి వచ్చింది.

మా తాత వరంగల్ దిక్కు ఒక చిన్న చెరువుకు నీరటోడు. మాలల్లో కొన్ని ఇండ్లకు అది తాతల నాటి పని. మునిగి తూము తెరవాలె, మూయాలె. వానాకాలం రాత్రుళ్లు గొంగడి కప్పుకొని కట్ట మీదనే పడుకోవాలె. ఎండ్రకాయ బొక్క పడ్డా, ఊట పుట్టినా కనిపెట్టాలె. ఏ మడికి ఎప్పుడు వంతో కాయితం లేదు, అంతా నోటి లెక్క. దొర పొలానికి ముందు పారిస్తే చిన్నరైతు తిట్టేది, పారియ్యకుంటే దొర కొట్టేది. ఇంత చేస్తే కల్లం కాడ మేర కింద చాటెడు వడ్లు. అండ్ల సగం తాలు.

చెరువు చుట్టూ అన్ని కులాలున్నయి గని ఎవరి రేవు వాళ్లదే. చాకలి బండ ఒక దిక్కు, ముదిరాజుల వలలు ఇంకో దిక్కు. మాదిగలు తోళ్లు నానేసేది మత్తడి కింద. మా ఆడోళ్లు శిఖంల చెలిమె తోడుకునేది. మా తాత చేతుల మీదుగ పారిన నీళ్లతో పండిన బువ్వకు మైల లేదు. అదే చెయ్యి ఊరబావి చేద ముట్టుకుంటే మైల! ఇదేం శాస్త్రమని తాత అడగలేదు. నేను అడుగుతున్న.

1997లో సాగునీటి సంఘాల చట్టం వచ్చింది. ఆయకట్టుల భూమి ఉన్నోడికే ఓటు. మా అయ్యకు చెరువు లోతు తెలుసు, తూము కారే జాగ తెలుసు, భూమి లేదు. గెలిచినోళ్లు ఆయన్నే అడిగి తెలుసుకున్నరు.

2015లో మిషన్ కాకతీయ కింద పూడిక తీసిండ్రు. మంచిపనే, కాదన. ఒండ్రు మాత్రం భూములున్నోళ్ల చేన్లకే పోయింది. పాత తూము యాడ పూడిపోయిందో ఎవరికీ తెలవక మా అన్న కోసం ఇంటికొచ్చిండ్రు. అన్న ముందుగాల కూలి మాట్లాడుకున్నడు, తర్వాతనే కట్ట దిగిండు. నీరటి పనికి మా ఇంట్ల రొక్కం చూసుడు అదే మొదలు.